శనగ చేనూ, జింకల పాఠమూ

ఈమధ్య సైన్సు టీచరుగా ఉద్యోగం వచ్చిన ఒక అమ్మాయి ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చింది. పర్యావరణం పాఠం ఎలా చెబితే పిల్లలకు బాగా ఎక్కుతుంది మేడం అని అడిగింది. కాఫీ ఇచ్చి, తోచిన నాలుగు మాటలు చెప్పి పంపించాను. ఆమె వెళ్లిన తర్వాత నాకు మనసు కుదుటపడలేదు. ఎలా చెబితే ఎక్కుతుందో నాకు తెలుసు. ఎక్కిన తర్వాత ఏమవుతుందో కూడా ఒకసారి చూశాను. ఆ రెండో సంగతి ఆమెకు చెప్పలేదు. అందుకని ఇది రాస్తున్నాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పుట్టింది ప్రొద్దుటూరులో బట్టల అంగడి వాళ్లింట్లో. ఎండల్లో బస్సులెక్కి పల్లెలు తిరిగే ఉద్యోగం నీకెందుకని మా నాయన చాలా రోజులు మాట్లాడలేదు. ప్రమోషన్లు, బదిలీలు, సర్వీసు గొడవలు అందరికీ ఉన్నవే, అవి రాయను. పిల్లలకు వానల గురించి, జంతువుల గురించి చెప్పడమనే పని నిజంగా ఎలా ఉంటుందో, నాకు అర్థమైనంత వరకు రాస్తాను. ధైర్యం చెప్పే మాటలు ఇందులో దొరకవు. అవి శిక్షణ తరగతుల్లో కావలసినన్ని చెబుతారు.

పులివెందుల వైపు

నా మొదటి బడి పులివెందుల దగ్గర ఒక పల్లెలో. చుట్టూ చీనీ తోటలు. కోస్తా వాళ్లు బత్తాయి అంటారు, మాకు చీనీ. నేను వెళ్లేసరికి తోటలు ఎండుముఖం పట్టాయి. ఊళ్లో ఏదో ఒక మూల బోరు వేసే లారీ మోత వినబడుతూనే ఉండేది.

ఏడో తరగతికి నీటి చక్రం చెప్పాను. సముద్రం నుంచి ఆవిరి, ఆవిరి నుంచి మేఘం, మేఘం నుంచి వాన, వాన నుంచి మళ్లీ భూమిలోకి. నల్లబల్ల మీద బాణం గుర్తులతో పెద్ద బొమ్మ వేశాను. లోకంలో ఉన్న నీళ్లు ఎక్కడికీ పోవు, తిరుగుతూ ఉంటాయని చెప్పాను. రెండో బెంచీలో ఒక పిల్లవాడు లేచి నిలబడ్డాడు.

"యాడికీ పోవు, తిరిగొస్తాయి అంటాండారు గదా మేడం. మా బోర్లో నీళ్లు పోయి శానా దినాలాయ. ఎప్పుడొస్తాయి?"

తరగతిలో ఎవరూ నవ్వలేదు. అందరి ఇళ్లలోనూ అదే ప్రశ్న ఉంది. వానలు బాగా పడితే వస్తాయని చెప్పి కూర్చోబెట్టాను. వారం తర్వాత బస్సు కోసం నిలబడి ఉంటే వాళ్ల నాన్న వచ్చి పలకరించాడు. నీళ్లు తిరిగొస్తాయని మేడం చెప్పిందంట, మావాడు ఇంట్లో అందరికీ చెప్తాండాడు అన్నాడు. ఎగతాళి లేదు. అడిగి తెలుసుకుందామనే వచ్చాడు. పుస్తకంలో ఉన్నదే చెప్పానన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు. ఆ ఎండాకాలంలో వాళ్లు తోట కొట్టేశారు. చీనీ కట్టెలు బండ్లకెత్తుతుంటే ఆ పిల్లవాడు కూడా మోస్తున్నాడు.

చాలా ఏళ్ల తర్వాత ఆ ప్రాంతానికి కాలువ నీళ్లు వచ్చాయి. ఇప్పుడు మళ్లీ తోటలు చూడొచ్చు. మంచిదే. కానీ అవి ఎక్కడి నుంచో మోసుకొచ్చిన నీళ్లు. నేను బల్ల మీద గీసిన బాణం వెంట వచ్చినవి కావు. తోట కొట్టేసినవాళ్లు అప్పటికే ఊరు విడిచిపోయారు.

బడిలో మనం చెప్పే మాట బడిలోనే ఉండదని నాకు అప్పుడు తెలిసింది. సాయంత్రం అది పిల్లల వెంట ఇంటికి పోతుంది. అక్కడ దాన్ని నమ్మి చూసేవాళ్లుంటారు.

గుంతలు

నేను ఎక్కువ కాలం పనిచేసింది పెద్దముడియం మండలంలోని ఒక ఊళ్లో. ఊరి పేరు రాయను. ప్రొద్దుటూరులో పొద్దున్నే బస్సెక్కి, జమ్మలమడుగులో దిగి, ఇంకో బస్సు పట్టుకునేదాన్ని. ఆ పక్క అంతా నల్లరేగడి. కనుచూపు మేర చెట్టు ఉండదు. బోర్లు తక్కువ. వానను నమ్ముకుని బుడ్డశనగ వేస్తారు.

అక్కడి హెడ్మాస్టరు ఖాదర్ బాషా సార్. లెక్కల మాస్టరుగా మొదలై హెడ్మాస్టరైనాయన. నేను పనిచేసిన హెడ్మాస్టర్లలో మంచివాడు. పిల్లలు ఎవరు తిన్నారో ఎవరు తినలేదో ముఖం చూసి చెప్పేవాడు. ఏ సంస్కరణ మీదా ఆయనకు నమ్మకం లేదు.

పర్యావరణ దినోత్సవం జూన్ ఐదున వస్తుంది. అప్పటికి మా బడులు తెరవరు. అయినా పైకి ఫొటోలు పంపాలి కాబట్టి ఊళ్లో ఉన్న పిల్లల్ని యూనిఫాం వేసుకుని రమ్మని కబురు చేసి మొక్కలు నాటించేవాళ్లం. కొత్త గుంతలు తవ్వేది లేదు. పోయినేడు మొక్క ఎండిపోయిన గుంతలోనే ఈయేడు మొక్క. ఆ ఎండకు నేల చెయ్యి పట్టేంత బీటలిచ్చి ఉండేది. ఫొటోలో మొక్క బతికుంటే చాలమ్మా, మనల్ని అడిగేది అంతవరకే అనేవాడు ఖాదర్ బాషా సార్.

ఒక ఏడు ఒక ఆఫీసరు వచ్చాడు. రేపటి పౌరులు మీరే, ఈ భూమిని కాపాడాల్సింది మీరే అని చాలాసేపు మాట్లాడాడు. ఆయన మాట్లాడినంతసేపూ, మొక్క నాటినంతసేపూ, బయట కారు ఇంజను నడుస్తూనే ఉంది. ఎక్కేసరికి లోపల చల్లగా ఉండాలని డ్రైవరు ఆపలేదు. ఆయన వెళ్లాక ఒక పిల్ల నా దగ్గరికి వచ్చింది.

"కారు ఆపమని ఆ సారుకు మీరు చెప్పొచ్చు గదా మేడం. మాకు ఫ్యాన్లు ఆపమని చెప్తారు గదా."

పెద్దవాళ్లకు చెప్పలేం లేమ్మా అని నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. అప్పుడు ఎనిమిదో తరగతి పూర్తిచేసి తొమ్మిదిలోకి వస్తోంది. పేరు నాగవేణి.

జమ్మలమడుగులో బహుమతి

నాగవేణి వాళ్లది గొర్రెలు కాచే కుటుంబం. గొర్రెలనూ మేకలనూ కలిపి మా వైపు జీవాలంటారు. తాత కాలంలో పెద్ద మంద ఉండేదట. మేపడానికి బయలు భూములు లేకుండా పోయి, తండ్రి ఓబులేసు చాలావరకు అమ్మేసి, కొద్ది ఎకరాలు గుత్తకు, అంటే కౌలుకు, తీసుకుని శనగ వేస్తున్నాడు. ఆ పిల్ల చిన్నప్పుడు తాత వెంట జీవాల దగ్గరికి పోయేది. కృష్ణజింకల గురించి నేను పుస్తకం చూసి చెబితే, ఆ పిల్ల కళ్లతో చూసినవి చెప్పేది.

ఆ ఏడు సైన్సు ఎగ్జిబిషన్‌కు అందరూ థర్మాకోల్‌తో భూగోళాలు చేస్తున్నారు. భూమికి కళ్లు పెట్టి, కన్నీళ్లు కార్పించి, నీలం రంగు వేస్తారు. అలాంటివి నేనే ఎన్నో చేయించాను. ఈసారి వద్దనుకున్నాను. జింకలు శనగ చేలల్లోకి ఎందుకు వస్తున్నాయో నువ్వే చెప్పు అని నాగవేణికి అప్పగించాను. గట్ల మీద, బాటల పక్కన మిగిలిన గడ్డి రకాలు తెచ్చి అట్టకు కుట్టింది. ఒకప్పటి బయలు, ఇప్పటి చేలు పక్కపక్కన గీసింది. వానల తీరు మారడం గురించి నా దగ్గర చెప్పించుకుంది. సముద్రం వేడెక్కితే తుఫాన్లు పెరుగుతాయని నేనంటే, మన ఊరికి సముద్రం ఎంత దూరం మేడం, అక్కడ వేడెక్కితే మన చేను తడుస్తుందా అని అడిగింది. తడుస్తుందన్నాను. కొంచెంసేపు ఆలోచించి అది కూడా అట్ట మీద రాసుకుంది.

జమ్మలమడుగులో న్యాయనిర్ణేతల ముందు తన భాషలోనే మాట్లాడింది. బట్టీ పట్టిన ముక్క ఒక్కటి లేదు. "జింకలు మన మీదికి రాల్యా సార్. వాటి బయలు మీదికి మనం పోయినాం" అంది. వాళ్లు పెన్నులు పక్కన పెట్టి విన్నారు. మొదటి బహుమతి ఇచ్చారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా పక్కన కూర్చుంది, అట్ట ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, గడ్డి పరకలు రాలిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి. ఎక్కినవాళ్లూ దిగినవాళ్లూ అట్టకు తగులుతూ పోతుంటే ఒక్క మాట అనలేదు. టీచరుగా నేను అంత సంతోషపడిన రోజు ఇంకొకటి లేదు.

మరుసటి ఏడు వానలు

నాగవేణి పదో తరగతికి వచ్చింది. ఆ ఏడు శనగ విత్తే కాలానికి వాన రాలేదు. రోజూ మబ్బు పట్టేది, పోయేది. ఆలస్యంగా ఒక పదును వాన పడితే అందరూ ఒక్కసారిగా విత్తారు. మొలక వచ్చి చేను పచ్చబడుతుండగా తుఫాను పట్టుకుంది. రేగడిలో నీళ్లు నిలిస్తే అంత తొందరగా ఇంకవు. మొలకలన్నీ కుళ్లిపోయాయి. బస్సులో నుంచి చూస్తే చేలు చెరువుల్లాగా మెరిసేవి. ఓబులేసు తన దగ్గర మిగిలిన జీవాలు అమ్మి రెండోసారి విత్తాడు.

రెండోసారి మొలిచినప్పుడు జింకలు వచ్చాయి. అంతకుముందూ వచ్చేవి. ఆ ఏడు మాత్రం ఎక్కడా మేత లేక మందలుగా వచ్చాయి. పొద్దుగుంకే వేళకు చేలల్లో దిగితే తెల్లవారేసరికి మొలకలు మొదలంటా ఉండేవి కావు. రైతులు పాత చీరలు కట్టారు, డబ్బాలు మోగించారు, వంతులేసుకుని కాపలా పడుకున్నారు. జింకలు అలవాటు పడిపోయాయి. అప్పుడు కొందరు చేను చుట్టూ ఇనుప తీగ లాగి, పొద్దుగుంకగానే పైన పోయే లైనుకు కొక్కెం తగిలించి కరెంటు పెట్టడం మొదలుపెట్టారు. అది నేరం. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

ఒకరోజు ఇంటర్వెల్లో నాగవేణి స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడింది. వాళ్ల చేనికి కూడా తీగ పెట్టారని, పొద్దున పోతే తీగ దగ్గర ఒక ఆడజింక చచ్చిపడి ఉందని, అది చూలుదని చెప్పింది. మీ నాన్నకు చెప్పావా అని అడిగాను. చెప్పాను, వినలేదు అంది. అది తప్పు, మనుషులు కూడా చచ్చిపోతారు, మళ్లీ చెప్పు అన్నాను.

ఖాదర్ బాషా సార్‌తో ఈ విషయం మాట్లాడాను. మనం ఊళ్లోకి పోయి చెబుదామా అన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పోతే పోదాం, పోయినాక ఆ ఇండ్ల నుంచి పిల్లలు బడికి రారు, అటవీ శాఖ వాళ్లకు మనమే చెప్పినామని అంటారు, ఆలోచించుకో అన్నాడు. రెండు మూడు రోజులు ఆలోచిస్తూనే ఉన్నాను. ఈలోపల నాగవేణి తన పని తాను చేసేసింది.

రోజూ సాయంత్రం ఓబులేసు కొక్కెం తగిలించి సంగటి తినడానికి ఇంటికి వచ్చేవాడు, రాత్రికి ఇంట్లోనే పడుకునేవాడు. ఆ సమయంలో ఈ పిల్ల చేనికి పోయి, కర్రతో కొక్కెం తీసేసి, మళ్లీ తెల్లవారేలోపల తగిలించి వచ్చేది. జింకలు మేశాయి. తీగ దాటుకుని వచ్చాయంటే కరెంటు సరిగా రావడం లేదేమోననుకున్నాడు ఓబులేసు. నాలుగో రోజో అయిదో రోజో, చేనిలో ఇక కాపాడుకోవడానికేమీ మిగలని స్థితిలో, కూతుర్ని లైను కింద కర్రతో చూశాడు.

ఆమె ఎండిన కర్ర వాడింది. ఎండు కట్టె కరెంటును పారనివ్వదని మా బడిలోనే, పక్క తరగతి గదిలో, భౌతికశాస్త్రం సారు దగ్గర నేర్చుకుంది. మంచు కురిసే రోజులవి. కర్ర తడిసి ఉంటే?

ఓబులేసు బడికి వచ్చాడు

మరుసటి రోజు ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతులకు పోతుంటే ఓబులేసు వచ్చాడు. అంతకుముందు నేను ఆయన్ని చూసింది ఒక్కసారే, బహుమతి వచ్చినప్పుడు. ఆరోజు నవ్వుతూ దండం పెట్టి పోయాడు. ఈసారి స్టాఫ్‌రూంలోకి వచ్చి, కూర్చోమంటే కూర్చోకుండా నిలబడ్డాడు. ఎదుటి మనిషిని నువ్వు అనడం మా పల్లెల్లో మామూలే, అందులో అమర్యాద లేదు.

"మా పాపకు జింకల గురించి చెప్పింది నువ్వేనామ్మా?" అన్నాడు.

నేనేనన్నాను.

"నువ్వు చెప్పింది తప్పని నేనన్ల్యా. జింకా బతకాల. నేనూ జీవాలు కాసినోన్నే, నాకు తెలీదా. జింకకు ఆకలైతే నా చేనికొస్తాది. నాకు ఆకలైతే యాడికి పోవాల? ఆ ముక్క గూడా చెప్పుంటే బాగుండు."

నేనేదో అనబోయాను. తీగ పెట్టడం ప్రమాదం కదా అని కాబోలు. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పటిదాకా ఆయన కోపంగా ఉన్నాడనుకున్నాను.

"చేను పాయ. పోతే పోనీ, యానాడుండింది గనక. కర్ర పట్టుకోని లైను కింద నిలబడిందమ్మా నా బిడ్డ. జారింటే? నా చేనికి నేనేసిన కరెంటుకు నా బిడ్డే సచ్చిపోయింటే, ఏమని ఏడ్చాల నేను?"

ఖాదర్ బాషా సార్ లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. తీగ పొద్దున్నే పీకేశానని, చుట్ట చుట్టి ఇంట్లో పడేశానని ఓబులేసు చెప్పాడు. పాపను ఇక బడికి పంపనన్నాడు. పదో తరగతి, పరీక్షలు దగ్గరికి వచ్చాయి అని నేను బతిమాలాను. చదువు వద్దని కాదమ్మా, చదువుకుంటే ఇంకేం చేస్తుందోనని భయంగా ఉంది అని వెళ్లిపోయాడు.

ఖాదర్ బాషా సార్ కిటికీలోంచి ఆయన గేటు దాటేదాకా చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "నీ పాఠం బాగా ఎక్కిందమ్మా. అదే వచ్చిన చిక్కు" అన్నాడు. ఆయన ఉన్నమాటే అన్నాడు, అయినా ఆ మాటకు నేను ఆయనతో కొన్నాళ్లు సరిగా మాట్లాడలేకపోయాను.

వాళ్లింట్లో

వారం రోజులు ఆగి ఇద్దరం వాళ్లింటికి పోయాం. ఓబులేసు మెత్తబడి ఉన్నాడు. సార్ చెప్పింది విని, సరే, పరీక్షలు రాయమనండి, రేపట్నుంచే పంపిస్తాను అన్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. నాగవేణి లోపల గడప పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. కూలికి ఒలిచేవి. వాళ్లమ్మ పక్కన కూర్చుని ఉంది. రేపు బడికి రామ్మా అన్నాను.

"నేను రాను మేడం" అంది, తల ఎత్తకుండా.

వాళ్ల నాన్న ఒప్పుకున్నాడని చెప్పాను. విన్నాను అంది. పరీక్ష రాసి ఆ తర్వాత ఇష్టం వచ్చినట్టు చెయ్యి అన్నాను. ఒలుస్తూనే ఉంది. నేను చెప్పింది తప్పనిపిస్తోందా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది, అయినా నాకు అది తెలుసుకోవాలనిపించింది.

"తప్పు కాదు మేడం, నిజమే. మా నాయన తుండుగుడ్డ నోట్లో కుక్కుకోని ఏడ్చినాడు, మాకు ఇనపడకుండా. అదీ నిజమే. రెండు నిజాలు నేను మోయల్యాను."

పదిహేనేళ్ల పిల్ల అన్న మాట అది. వాళ్లమ్మ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. మేము లేచి వచ్చేశాం. ఆ పిల్ల పరీక్షలకు రాలేదు. గుత్త భూమి వదిలేసి, ఎండాకాలం రాకముందే కుటుంబమంతా పులివెందుల వైపు చీనీ తోటల్లో కూలికి పోయింది.

ఓబులేసు చేనికి తీగ లేకపోయినంత మాత్రాన జింకలకు ఒరిగిందేమీ లేదు. పక్క చేలలో తీగలు అలాగే ఉన్నాయి. ఆ ఏడే ఇంకో మూడు నాలుగు చచ్చాయని పిల్లలు చెప్పారు. వానలు మరుసటి ఏడూ అలాగే వచ్చాయి. నాగవేణి చేసిన పని వల్ల లోకంలో మారింది ఏదైనా ఉందంటే, వాళ్లిల్లు ఒక్కటే.

కొత్త టీచర్లకు

నేను ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఉద్యోగం చేశాను. చివర్లో రాజుపాలెం మండలంలో పనిచేశాను. పాఠం చెప్పే పద్ధతి మాత్రం మార్చుకున్నాను. పుస్తకంలో ఉన్నది చదివించాను, కింద ఉన్న ప్రశ్నలకు జవాబులు రాయించాను. వాతావరణ మార్పు గురించి నాలుగు వాక్యాలు, అడవుల గురించి నాలుగు వాక్యాలు. మార్కులు బాగా వచ్చాయి. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఏ తండ్రీ స్టాఫ్‌రూంకు రాలేదు. వందల మంది పిల్లలు నా దగ్గర ఆ పాఠం చదివి, పరీక్ష రాసి మరిచిపోయారు. వాళ్లకు నేను మేలే చేశానని ఇప్పుడు అనిపిస్తుంది. టీచరుగా పనిచేసిన మనిషి రాయాల్సిన మాట కాదిది, తెలుసు.

ఈ పాఠాలు మనం పిల్లలకే ఎందుకు చెబుతున్నామని మీరెప్పుడైనా ఆలోచించారా? కారు ఆపని ఆఫీసరుకు చెప్పలేం. పొగ గొట్టాలున్నవాళ్లకు చెప్పలేం. వాళ్లు మన తరగతిలో కూర్చోరు. చెప్పింది రాసుకుని, మనల్ని నమ్మి, చేతులు కట్టుకుని వినేవాళ్లు పిల్లలు మాత్రమే దొరుకుతారు. అందులోనూ బాగా నమ్మేది పేద పిల్లలు. వాళ్లింట్లో ఆపడానికి ఒక ఫ్యాను, ఒక బల్బు ఉంటాయి. మానుకోవడానికి ఒక శనగ చేను ఉంటుంది. పెద్దవాళ్లు చేయనిదాన్ని చేయమని వాళ్ల నెత్తిన పెట్టి, రేపటి పౌరులు మీరే అంటాం.

అందుకని మీకు నేను ఇచ్చే సలహా ఏదీ సరిగా నిలబడదు. బాగా చెప్పండి అనలేను, నాగవేణిని చూశాను కాబట్టి. చెప్పకండి అనలేను, ఎండలు చూస్తున్నాను కాబట్టి. రాజుపాలెంలో నా ఆఖరి ఏడు ఒంటిపూట బడి వదిలే వేళకు పిల్లలు రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులు అంటుకుంటుంటే పరిగెత్తేవాళ్లు. వాళ్లకు దాని కారణం చెప్పకపోతే మోసం. చెబితే, ఆ తర్వాత వాళ్లేం చేయాలో చెప్పే మాట మన దగ్గర లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. పిల్లలు ఇంట్లో పెద్దల్ని మార్చాలని ఎప్పుడూ హోంవర్కు ఇవ్వకండి. మీరు నేరుగా పోయి ఓబులేసుతో మాట్లాడలేని మాటను అతని కూతురి చేత చెప్పించకండి.

జమ్మలమడుగు బస్టాండు

రిటైరైన తర్వాత ఒక పెళ్లికి పోయి వస్తూ జమ్మలమడుగు బస్టాండులో కూర్చుని ఉన్నాను. ఒకామె వచ్చి, నన్ను గుర్తుపట్టినారా మేడం అంది. ముందు గుర్తుపట్టలేదు. నవ్వకుండా నిలబడిన తీరు చూసి గుర్తుపట్టాను. నాగవేణి. పక్కన మూడో తరగతి చదివే కూతురు, హాసిని అట పేరు. పులివెందుల దగ్గరే స్థిరపడ్డారు. భర్త ఆటో తోలుతాడు, తను తోట పనులకు పోతుంది. వాళ్ల నాన్న ఎలా ఉన్నాడని అడిగాను. బాగున్నాడు, ఎవరివో జీవాలు కాస్తున్నాడు అంది. నన్ను చూసి సంతోషపడింది, అది నటన కాదు. నేనే సిగ్గుపడి ఎక్కువ మాట్లాడలేకపోయాను.

మేడంకు మీ బడిలో నేర్పింది చెప్పు అని పిల్లను ముందుకు తోసింది. హాసిని చేతులు కట్టుకుని, చెట్లు నాటాలి, నీళ్లు పొదుపు చేయాలి, జంతువులను ప్రేమించాలి, భూమి మనందరి అమ్మ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. పక్కన కూర్చున్నవాళ్లు మెచ్చుకున్నారు. ఒకాయన బిస్కెట్టు పొట్లం ఇచ్చాడు. పిల్ల దాన్ని విప్పుకుంటూ కొంచెం దూరం జరిగింది.

నాగవేణి నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"దీనికి శానా నమ్మకం మేడం, నా మాదిరే. బడిలో ఏం చెప్పినా ఇంటికొచ్చి పట్టుకుంటాది. ఎండలు ఎందుకు ఎక్కువైతాండాయి, వాన ఎందుకు రాల్యా అని దినామూ అడుగుతాండాది. నాకు తెల్సిందంతా చెప్పమంటారా, ఇంగా కొన్నేండ్లు ఊరకుండమంటారా?"

జవాబు కోసం నా ముఖంలోకే చూస్తోంది. తరగతిలో కూడా అలాగే చూసేది. ఆమె అడిగింది మాట వరసకు కాదు. నేను ఏది చెబితే అది చేసేటట్టుంది. పిల్ల ఎన్నేళ్లది అని అడిగాను, మూడో తరగతి అని అప్పటికే విన్నా. ఎనిమిది అంది. మళ్లీ నా వైపే చూసింది.

పులివెందుల బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ పోయారు. నాగవేణి లేచి, పిల్లను పిలిచి, ముందు దాన్ని ఎక్కించి, మెట్టు మీద నిలబడి ఇంకొకసారి వెనక్కి తిరిగింది. నేను కూర్చున్నచోటే ఉన్నాను. లోపలికి జరగమ్మా అని కండక్టరు అరిచాడు. ఆమె జరిగింది.